గాజుతొట్టిలో పచ్చని నాచు

నాచు అను మాటకు మన వాడుకలో ఏనాడును గౌరవము లేదు. లేచి ముఖము కడగని వానిది పాచి ముఖము. మెట్ల మీద కాలు జారిన, తప్పు మనది కాదు, పాకురుది. ఉర్దూలోను ఇదే తీరు. కాయీ అను ఒక్క మాటలోనే చెరువు మీది పచ్చని తెట్టు, వానకు తడిసిన గోడ మీది మెత్తని మొక్క రెండును ఇమిడిపోతాయి. గుంపు చెల్లాచెదరైతే కాయీలాగా చీలిపోయినదని అంటారు. శాస్త్రము మాత్రము ఈ రెండింటిని విడదీసినది. చెరువు మీది తెట్టు శైవలము. గోడ మీది మెత్తని మొక్క, చిన్నదైనను ఆకులు, కాడ కలిగిన మొక్క. దీనికి మన పాఠ్యపుస్తకములు తెలుగు పేరు పెట్టలేక మాస్ మొక్క అని ఊరుకున్నవి. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఫ్యునేరియా బొమ్మను గీసి, భాగములు గుర్తించి, పరీక్ష ముగియగానే మరచిపోతున్నారు. తెలుగు శాఖకు నాచుతో పని యేమని అడుగువారికి మా సమాధానము ఇదే: పేరు లేనిదానిని కన్ను చూడదు.

ఈ మాసు జాతులలో కొన్ని నీటిలో మునిగియే పెరుగును. రంగుచేపల దుకాణములలో జావా మాసు అను పేరుతో అమ్ముచున్నది అటువంటిదే. దాని శాస్త్రీయ నామము టాక్సిఫిల్లమ్ బార్బియేరి. ఇది ఆగ్నేయ ఆసియాకు చెందినది. చాలా కాలము దీనిని వెసిక్యులేరియా డూబియానా అను వేరొక మాసుగా పొరబడినారు. పేర్ల తికమక మన భాషలకే పరిమితము కాదన్న మాట.

చేపల తొట్టి ధనికుల ఇంటి అలంకారమని, దానికి విద్యతో సంబంధము లేదని మిత్రులు కొందరు అంటున్నారు. మేము ఒప్పుకొనము. గాజుతొట్టి పుట్టినదే ప్రయోగముగా. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తొట్టిలో నీటిమొక్కను, చేపలను, నత్తలను కలిపి ఉంచి, నీరు మార్చకయే అవి ఒకదానినొకటి ఎట్లు బ్రతికించుకొనునో చూచి, ఆ ఫలితమును 1850లో రసాయన శాస్త్ర సంఘమునకు నివేదించినాడు. మొక్క ప్రాణవాయువు నిచ్చును. చేప విడిచినది మొక్కకు ఆహారమగును. కుళ్ళిన ఆకును నత్త తినివేయును. లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు చేపల భవనము తెరచినది ఆ తరువాత, 1853లో. పాఠము ముందు, వేడుక వెనుక.

ఇక నాచును పెంచు విధము. రెండడుగుల తొట్టి చాలును. మాసుకు నిజమైన వేళ్ళు లేవు గనుక ఇసుకలో పాతరాదు. పాతిన భాగము కుళ్ళిపోవును. పిడికెడు నాచును పలుచగా పరచి, నూలుదారముతో రాతికి కట్టవలెను. మన గుట్టలలో దొరకు నల్లరాయి గాని, కంకరరాయి గాని దీనికి చక్కగా సరిపోవును. సున్నపురాయి మాత్రము నీటి కాఠిన్యమును పెంచును. కొన్ని వారములకు నాచు సన్నని నూలుపోగుల వంటి వాటితో రాతిని తానే పట్టుకొనును. మందముగా కట్టినచో లోపలి పొరకు వెలుతురు అందక పసుపుపచ్చనై రాలిపోవును. పైపొరను అప్పుడప్పుడు కత్తెరతో కత్తిరించవలెను. ఓపిక లేనివారు ఈ పనికి దిగరాదు, ఇది నెమ్మదిగా పెరుగు మొక్క.

వెలుతురు విషయములో మన వారు ఎక్కువగా పొరబడుచున్నారు. మొక్క గదా అని ఎండలో పెట్టుదురు. పది దినములలో నాచు మీద శైవలపు పోగులు సాలెగూడువలె అల్లుకొని దానిని ఊపిరాడనీయవు. చేపలకు వేసిన తిండి మిగిలి కుళ్ళినను ఇదే జరుగును. ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. అధికమైన ఎరువు, కదలని నీరు, దానిమీద పచ్చని తెట్టు: మురుగు చేరిన మన చెరువుల జబ్బు ఇదే గదా! గట్టున నిలిచి చూచిన అది వందల ఎకరముల వ్యవహారముగా, మన చేతికి అందనిదిగా తోచును. గాజుతొట్టిలో అదే జబ్బు పది దినములలో వచ్చును, తిండి తగ్గించి వారమునకు నాలుగవ వంతు నీరు మార్చినచో మన కన్నుల యెదుటనే తగ్గుముఖము పట్టును. ఏ ఉపన్యాసము ఈ మాటను ఇంత స్పష్టముగా చెప్పలేదు.

వేసవి మరొక కష్టము. ఈ నాచుకు ఇరవై నుండి ఇరవైయైదు డిగ్రీల నీరు హితము. మన సంగారెడ్డి ఎండ నలుబది దాటును. ఉత్తరపు గోడ ప్రక్క పెట్టి, తొట్టి చుట్టు తడిబట్ట కప్పి, నీటి పైభాగమున పంకా గాలి తగులునట్లు చేసిన కొంత చల్లబడును. కుండలో నీరు చల్లబడు సూత్రమే ఇది.

ఇన్ని జాగ్రత్తల కంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉన్నది. తొట్టిలో పోయు నీరు ఏది? నాచును పెంచదలచినవాడు ఈ ప్రశ్నను తప్పించుకొనలేడు, అందుకే మేము నాచును కోరుచున్నాము. కుళాయి నీటిలోని క్లోరిను దానికి హాని చేయును. వెడల్పు పాత్రలో ఒక దినము తెరచి ఉంచవలెను. బోరు నీటిలో లవణములు ఎన్నో చూడవలెను. రాగి కలిసిన చేపమందు ఒక మోతాదు మించినను నాచు నల్లబడును. ఎందుకనగా దాని ఆకు చాలవరకు ఒకే కణము మందము. పైన మైనపు పొర లేదు. వేరు ద్వారా వడగట్టి త్రాగు భాగ్యము దానికి లేదు. నీటిలో ఉన్నది ఉన్నట్లు దేహమంతటితో పీల్చుకొనును. ఈ గుణము వలననే ఐరోపాలో ఫాంటినాలిస్ అను నీటిమాసును నదులలో లోహముల కాలుష్యమును కొలుచుటకు వాడుచున్నారు. స్వీడనులో రూలింగ్, టైలర్ అను శాస్త్రజ్ఞులు 1960వ దశాబ్ది చివరనే నేలమాసులను సేకరించి, గాలి నుండి రాలు సీసము వంటి లోహములను లెక్కగట్టినారు.

పటాన్‌చెరులో ఈ ప్రశ్న వినోదము కాదు. ఏ ఊరి పేరులో చెరువు ఉన్నదో ఆ ఊరిలోనే చెరువు నీటిని ముట్టుటకు జంకవలసిన స్థితి దాపురించినది. 1970వ దశాబ్ది నుండి ఇచ్చట కర్మాగారములు వెలసినవి, వేలాది కుటుంబములకు అన్నము పెట్టినవి. ఆ మాటను మరువరాదు. వాటి వ్యర్థములు నక్కవాగులోనికి, దాని ద్వారా మంజీరలోనికి చేరినవి. 1990లోనే ఈ వ్యవహారము సుప్రీంకోర్టు గుమ్మమెక్కినది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలినవి.

మన ఇండ్లలో పెద్దలు నీటిని మూడు గుణములతో పరీక్షింతురు: రంగు, రుచి, వాసన. ఈ మూడును మారని నీటితో వుజూ చేయవచ్చునని ఫిఖ్ గ్రంథములు బోధించినవి. పాత మసీదుల హౌజులలో చేపలను వదలు అలవాటు కూడ ఉండెడిది. చేప ఆడుచున్న నీరు కంటికి నమ్మకము నిచ్చును. ఆ కొలతను మేము తప్పుపట్టుట లేదు. అది నమాజుకు కావలసిన శుద్ధికి కొలత. రసాయనముల నేల కొలతలో ఈ కాలము తెచ్చిపెట్టిన ప్రశ్న వేరు. స్వీడను దేశపు గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు 2007లో ప్రకటించిన పరిశోధన చూడుడు. సుమారు 90 ఔషధ కర్మాగారముల నీటిని శుద్ధిచేయు పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు పాలు కంటె ఇది ఎన్నో రెట్లు అధికము. 2009లో ప్రకటించిన మరొక పరిశీలనలో ఈ ప్రాంతపు చెరువులలోను, బావులలోను మందుల అవశేషములు కనిపించినవి. ఇట్టి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగునన్నదే శాస్త్రజ్ఞుల భయము. అది రంగు లేని, వాసన లేని ప్రమాదము.

నాచు ఈ మందులను పట్టియిచ్చునా? ఇయ్యదు, ఆ భ్రమను విద్యార్థులకు కల్పించరాదు. నాచు నల్లబడిన, కారణము ఎండ కావచ్చును, లవణము కావచ్చును, రాగి కావచ్చును. పచ్చగా ఉన్నంత మాత్రమున నీరు త్రాగదగినదని కాదు. అయినను ఒక ముచ్చట చెప్పక తప్పదు. జర్మనీకి చెందిన కాస్టెన్, రెస్కీ అను పరిశోధకులు 1997లో ఒక మాసు మీద పెన్సిలిన్ కుటుంబపు మందులను ప్రయోగించగా దాని కణములలోని హరితరేణువులు చీలుట మానినవి; టమాటా మొక్కలో అట్లు జరుగలేదు. సూక్ష్మజీవిని చంపుటకు చేసిన మందు ఆకుపచ్చని మొక్క గర్భములోనికి చొరబడగలదన్న మాట. వృక్షశాస్త్ర శాఖలోని సూక్ష్మదర్శిని క్రింద ఒక నాచు ఆకును పెట్టి, పచ్చని గింజలవలె నిండియున్న ఆ హరితరేణువులను చూచుచు ఈ సంగతి విన్న విద్యార్థిని దానిని మరచిపోదని మా నమ్మకము.

ఎందుకింతగా చెప్పుచున్నామనగా, ఈ ప్రాంతపు కళాశాలలలో బి.ఎస్సీ. ముగించిన పిల్లలలో చాలామంది ఈ కర్మాగారముల ప్రయోగశాలలకే వెళ్ళుచున్నారు. నాణ్యత పరీక్షించువారు వారే, వ్యర్థజలపు నమూనా సీసాను చేతబట్టువారు వారే, పట్టికలో అంకె వ్రాయువారు వారే. ఆ అంకె నిజముగా ఉండుటయో, రాత్రి పాళీలో పైవాని కనుసైగకు మారుటయో వారి వ్రేళ్ళలో ఉన్నది. సీసాలోని నీరు ఎవరి చెరువునకు పోవునో ఎరిగిన చేయి అంత సులభముగా అంకె మార్చదు. ఈ ఎరుకను పరీక్షా పత్రము ఇయ్యజాలదు. ఒక సంవత్సరము పాటు ఒక మొక్క బ్రతుకును తన నీటితో నిలుపుకొన్న పిల్లకు ఇది కొంతైనను అబ్బును.

కనుక మా సూచన ఇది. ఒకే తొట్టితో తృప్తిపడక, ప్రక్కన నాలుగు గాజు సీసాలు పెట్టవలెను. ఒకదానిలో మంజీర కుళాయి నీరు, ఒకదానిలో కళాశాల బోరు నీరు, ఒకదానిలో వాననీరు, ఒకదానిలో విద్యార్థుల ఊరి చెరువు నీరు. నాలుగింటిలోను ఒకే తూకము నాచు, వెలుతురు ఒకటే. వారమునకొకసారి రంగును, పెరుగుదలను పుస్తకములో వ్రాయవలెను, తెలుగులో ఒకరు, ఉర్దూలో ఒకరు. చెరువు నీటిని వట్టి చేతితో ముంచరాదు; తొడుగు వేసికొనవలెను. వాననీటి సీసా లేనిచో పోలికకు ఆధారముండదు గనుక దానిని విడువరాదు.

ఇంకొక హెచ్చరిక. ప్రయోగము ముగిసిన పిదప మిగిలిన నాచును, తొట్టి మొక్కలను చెరువులోనో వాగులోనో పారవేయరాదు. నేడు మన చెరువులను కప్పివేయుచున్న గుర్రపుడెక్క కూడ ఒకప్పుడు పూవు అందముగా ఉన్నదని దక్షిణ అమెరికా నుండి తెచ్చుకొన్న అతిథియే. ఎండబెట్టి మట్టిలో కలుపవలెను.

వేసవి సెలవులలో తొట్టిని ఎవరు చూతురన్నది మిగిలిన చిక్కు. కాపలాదారునికి అప్పగించుట న్యాయము కాదు. దగ్గరి ఊళ్ళ విద్యార్థులు వారమునకొకరు చొప్పున పేర్లు ఇచ్చినచో ఏప్రిల్ నెలలోనే పట్టిక వేయవచ్చును. రాళ్ళు గుట్టమీద ఉన్నవి, నూలుదారము ఇంటింటను ఉన్నది.