మెడలో బిళ్ళ రంగును బట్టి హక్కులా?

చాట్రాయి మామిడి తోటల్లో పనిచేసే స్త్రీలకు ఈ పద్ధతి కొత్త కాదు. తోట రైతుది, కాపు గుత్తకు తీసుకున్న వ్యాపారిది, కూలీలు మేస్త్రి తెచ్చినవాళ్ళు. చిక్కంతో కాయ కోసే మగవాడికి ఒక కూలి. ఆ కాయను ఏరి, మోసి, పెట్టెల్లో సర్దే ఆడమనిషికి అంతకంటే తక్కువ. ఇదేమని అడిగితే రైతు వ్యాపారిని చూపిస్తాడు, వ్యాపారి మేస్త్రిని చూపిస్తాడు.

ఇదే పద్ధతి అద్దాల మేడల్లో అమలైతే దాన్ని ఆధునిక నిర్వహణ అంటున్నారు. హైదరాబాదులోనూ కార్యాలయమున్న గూగుల్‌కు 2019 మార్చి నాటికి ప్రపంచమంతటా సొంత ఉద్యోగులు 1,02,000 మంది, తాత్కాలిక, కాంట్రాక్టు సిబ్బంది 1,21,000 మంది అని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. సొంత ఉద్యోగికి తెల్ల బిళ్ళ, కాంట్రాక్టు మనిషికి ఎర్ర బిళ్ళ. లైంగిక వేధింపుల విషయంలో కంపెనీ తీరును నిరసిస్తూ 2018 నవంబరు 1న సుమారు 20,000 మంది పని ఆపి బయటికొచ్చారు. కాంట్రాక్టు సిబ్బందీ వారితో నడిచారు. కంపెనీ దిగివచ్చి ప్రకటించిన మార్పులు తమకు వర్తించడం లేదని డిసెంబరులో వారు విడిగా బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. వేధించే చెయ్యి బిళ్ళ రంగు చూసి ఆగుతుందా?

మన చట్టమూ ఈ గీతనే గీస్తోంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ సంస్థ ప్రధానమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదంటుంది. అయితే పారిశుద్ధ్యం, క్యాంటీన్, హౌస్‌కీపింగ్, బట్టలు ఉతకడం సాధారణంగా ప్రధానమైన పనులు కావని అదే తేల్చేసింది! ఆడవాళ్ళు ఎక్కువగా చేసే పనులే గడప బయట మిగిలాయి. కాంట్రాక్టు నిబంధనలు వర్తించడానికి పాత చట్టంలో 20 మంది కార్మికులుంటే చాలు. ఇప్పుడు 50 మంది ఉండాలి.

ఇంజనీరూ, ఊడ్చే మనిషీ ఒకటేనా అని అడుగుతారు. నైపుణ్యాన్ని బట్టి జీతంలో తేడా గురించి వాదించుకోవచ్చు. ప్రసూతి సెలవు, మరుగుదొడ్డి, ఫిర్యాదు చేసుకునే హక్కు ఏ నైపుణ్యానికి బహుమతులు?

ఉన్న చట్టాన్నయినా అమలు చేయించుకుందాం. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన స్త్రీ కూడా ఉద్యోగేనని 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్పష్టంగా చెప్పింది. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు హౌస్‌కీపింగ్ స్త్రీలకు కనిపించేచోట తెలుగులో రాసి పెట్టాలని పట్టుబడదాం. మన ఊళ్ళ నుంచి నగరాలకు పనికి వెళ్ళే ప్రతి అమ్మాయికీ నియామక పత్రం, పి.ఎఫ్. నంబరు అడిగి తీసుకోమని చెబుదాం.

పని ఎవరి కోసం జరుగుతోందో బాధ్యత వారిదే. మేస్త్రిని చూపించి తప్పించుకోవడం ఇక చెల్లదు.