చెక్క బేరంలో బస్తా తూకమే చాలదు

నూనె చెక్కలు, తవుడు మార్కెట్లో కొన్నేళ్లుగా చర్చ అంతా ఎగుమతుల చుట్టూనే తిరిగింది. నూనె తీసిన తవుడు ఎగుమతిని కేంద్రం 2023 జూలైలో నిషేధించడం, 2025 అక్టోబరులో ఆ నిషేధాన్ని ఎత్తివేయడం వర్తకులకు తెలిసినదే. ధర ఎంత అన్న ప్రశ్నకు దక్కిన ప్రాధాన్యం, ఆ ధరకు పశువుకు దక్కేదేమిటి అన్న ప్రశ్నకు దక్కలేదు.

చెక్క విలువంతా అందులోని మాంసకృత్తులలో ఉంది. పొట్టు తీయకుండా ఆడిన పత్తి చెక్కలో ఇవి సుమారు 22 శాతం, మేలురకం వేరుశనగ చెక్కలో 40 శాతానికి పైగా ఉంటాయి. పరీక్షలో మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తారు. మోసానికి సందు ఇక్కడే. యూరియాలో నత్రజని 46 శాతం. క్వింటాలు చెక్కలో ఒక్క కిలో యూరియా కలిపితే 19 శాతం సరకు కాగితం మీద దాదాపు 22 శాతంగా కనిపిస్తుంది.

నెమరువేసే పశువు కొద్దిపాటి యూరియాను వినియోగించుకోగలదని, వరిగడ్డిని 4 శాతం యూరియాతో మాగబెట్టి మేపడం ఉన్నదేనని కొందరి సమర్థన. నిజమే. కాని అక్కడ మేపేవాడికి మోతాదు తెలుసు. బస్తాలో దాచిన యూరియా సంగతి రైతుకు తెలియదు; అది ఒకచోట పోగుపడితే పశువు ప్రాణానికే ముప్పు. చిన్న దూడలకు బొత్తిగా పనికిరాదు. పైగా ఎరువుకు చెక్క ధర చెల్లించినట్లవుతుంది.

రెండవ బెడద బూజు. తేమ ఆరని వేరుశనగ చెక్కలో పుట్టే ఎఫ్లటాక్సిన్ విషం పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. పశుదాణాలో దీని గరిష్ఠ పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు కాగా, పాలలో అర మైక్రోగ్రాము మాత్రమే. డెయిరీ పాలను తిప్పి పంపిననాడు నష్టపోయేది రైతే అయినా, ఆ రైతు మళ్లీ అదే దుకాణం మెట్లెక్కడు.

కనుక చెక్క ఒప్పందాలలో తూకం, ధరలతోపాటు మాంసకృత్తుల శాతం, తేమ, ఇసుక, ఎఫ్లటాక్సిన్ పరిమితులు రాసుకోవాలి. యూరియా పరీక్ష విడిగా చేయించాలి. మాంసకృత్తులు ఒక శాతం తగ్గితే ధరలో ఎంత తరుగు తీయాలో ముందే తేల్చుకోవాలి. పరీక్షల ఖర్చు చిన్న మిల్లులకు భారమన్న మాట ఉంది. లారీ సరకంతటికీ పంచి చూస్తే బస్తాకు పడేది స్వల్పమే. నిఖార్సయిన సరకు అమ్మే మిల్లరు కల్తీ సరకు ధరతో పోటీపడవలసిన దుస్థితి తప్పాలంటే ఇంతకు మించిన మార్గం కనిపించదు.