జట్టు ప్రయోజనం ఎవరి ఖాతాలో?

ఫార్ములా వన్‌లో సహచరుడికి దారివ్వమని డ్రైవర్‌ను ఆదేశించడం తప్పేమీ కాదన్న వాదన ఇప్పుడు దాదాపు స్థిరపడిపోయింది. కారు కంపెనీది, జీతం కంపెనీది, కనుక జట్టు ప్రయోజనం ముందు, డ్రైవర్ పౌరుషం తర్వాత అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్కలోకి దిగితేనే తేడా తెలుస్తుంది. గెలిచినవాడికి 25 పాయింట్లు, రెండోవాడికి 18. ఆ రెండు స్థానాల్లోనూ ఒకే జట్టు కార్లుంటే, ఏది ముందున్నా జట్టుకు దక్కేవి అవే 43. బహుమతి సొమ్ము జట్ల పట్టికను బట్టే పంచుతారు కాబట్టి అక్కడా తేడా రాదు. ఒక డ్రైవర్ నోటి దగ్గర కూడు తీసి ఇంకొకరికి పెట్టడాన్ని జట్టు ప్రయోజనం అనడం మాటల గారడీ.

డ్రైవర్ టైటిల్ కూడా జట్టు ప్రతిష్ఠే కదా అంటారా? 2002 ఆస్ట్రియా రేసు చూడండి. మొదటి నుంచీ ముందున్న బారిచెల్లో గెలుపు గీత ముంగిట జట్టు ఆదేశంతో వేగం తగ్గించి సహచరుడు షూమాకర్‌కు దారిచ్చాడు. ప్రేక్షకులు గేలి చేశారు. అది సీజన్లో ఆరో రేసు మాత్రమే. షూమాకర్ ఇంకా ఆరు రేసులుండగానే, జులైలోనే టైటిల్ కొట్టేశాడు. చివరికి అతనివి 144 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న బారిచెల్లోవి 77. ఎవరి అవసరం తీరినట్టు?

2010 ఇంకా ముఖ్యం. హాకెన్‌హైమ్‌లో, తనకు ప్రాణాపాయం తప్పిన ప్రమాదానికి సరిగ్గా ఏడాది నిండిన రోజున, ముందు పోతున్న ఫెరారీ డ్రైవర్ మాసాకు సహచరుడు అలోన్సో నీకన్నా వేగంగా ఉన్నాడని ఇంజినీరు రేడియోలో ఒత్తి ఒత్తి చెప్పాడు. మాసా తప్పుకున్నాడు. అప్పటికి టీమ్ ఆర్డర్స్‌పై నిషేధం ఉంది కాబట్టే ఆ డొంకతిరుగుడు. ఫెరారీ లక్ష డాలర్ల జరిమానా కట్టి గెలుపు ఉంచుకుంది. అదే ఏడాది బ్రెజిల్‌లో వెటెల్ మొదట, పాయింట్లలో అతనికన్నా పైనున్న వెబర్ రెండో స్థానంలో వస్తే, రెడ్‌బుల్ వాళ్లను మార్చలేదు. మార్చి ఉంటే, ఆఖరి రేసు జరిగినట్టే జరిగినా వెటెల్, వెబర్ ఇద్దరూ 249 దగ్గరే ఆగేవారు. 252తో అలోన్సో చాంపియన్ అయ్యేవాడు. మార్చలేదు కనుక వెటెల్ 256తో గెలిచాడు. ఆదేశించిన జట్టు ఓడింది, ఊరుకున్న జట్టు గెలిచింది.

అదుపు లేకపోతే సహచరులు గుద్దుకుంటారన్నది బలమైన అభ్యంతరమే. 2016 స్పెయిన్ రేసులో హామిల్టన్, రోస్‌బర్గ్ మొదటి ల్యాప్‌లోనే ఒకరినొకరు బయటికి తోసుకున్నారు. అయినా ఆ ఏడాది మెర్సిడెస్ 765 పాయింట్లతో జట్ల టైటిల్ గెలిచింది. రెండో స్థానంలోని రెడ్‌బుల్‌కు 468. పైగా గుద్దుకోవద్దనడం వేరు, ఓడిపొమ్మనడం వేరు. 2025 మోంజా మాత్రం నా వాదనకు చిక్కే. అక్కడ జట్టు చెబితే పియాస్ట్రీ వదిలిన స్థానంతో సహచరుడు నోరిస్‌కు మూడు పాయింట్లు పెరిగాయి. అతను వెర్‌స్టాపెన్‌ను దాటి చాంపియన్ అయింది రెండే పాయింట్ల తేడాతో. కానీ పియాస్ట్రీని ముందు పిట్‌కు రానిచ్చేటప్పుడు, దానివల్ల నోరిస్ స్థానం పోదని మెక్‌లారెన్ మాటిచ్చింది. నోరిస్ పిట్ స్టాప్ ఆలస్యమై ఆ మాట తప్పింది. అది బాకీ తీర్చడం, ఒకరిని నంబర్ వన్‌ను చేయడం కాదు.

నిషేధం మళ్లీ తెమ్మని నేననను. అది నేర్పింది సంకేత భాష ఒక్కటే. జట్ల యజమానులు చేయవలసింది చిన్న పని. లెక్కప్రకారం టైటిల్ ఆశ పోయిన డ్రైవర్‌ను దారివ్వమని బాహాటంగా అడగండి. ఆశ ఉన్నవాడిని పోటీ పడనివ్వండి.