జవాబు చెప్పవద్దు, దారి చూపండి



గరివిడి చుట్టుపక్కల గ్రామములలో కుటుంబములను దర్శించునప్పుడు మేము తరచుగా చూచునది ఒకటున్నది. అరుగుమీద దినపత్రిక పరచుకొని, తారుమారుగా అచ్చువేసిన అక్షరములను సరిచేసి మాట కట్టుటకు పిల్లలు, పెద్దలు కలిసి కూర్చుందురు. ఇది వ్యర్థమైన కాలక్షేపము కాదా అని కొందరు మమ్మును అడుగుచున్నారు. కాదనియే మా తలంపు. అయితే ఆడే తీరునుబట్టి దానివలన మేలైనను కీడైనను కలుగవచ్చును.

అక్షరములను మార్చి వ్రాయుట బైబిలు చదువువారికి కొత్త కాదు. యిర్మీయా గ్రంథము 25, 51 అధ్యాయములలో కనబడు 'షేషకు' అను పేరు, హెబ్రీ అక్షరమాలను తలక్రిందులు చేసి వ్రాసిన బబులోను పేరేనని పండితులు చెప్పుదురు. పత్రికలలోని ఆట సంగతికి వస్తే, ఇంగ్లీషులో 1954లో మార్టిన్ నాయ్‌డెల్ అను అమెరికా చిత్రకారుడు మొదలుపెట్టిన 'జంబుల్' మిక్కిలి ప్రసిద్ధికెక్కినది.

మన తెలుగులో పద్ధతి కొంచెము వేరు. గుణింతము, వత్తు కలిసిన అక్షరమంతయు మనకు ఒకే ముక్క. "డి, గ, వి, రి" అని ఇచ్చిరనుకొనండి. ఈ నాలుగింటిని 24 విధములుగా పేర్చవచ్చును. "విజయనగరము"లోని ఏడక్షరములనైతే 5,040 విధములుగా పేర్చవచ్చును. అన్నియు వ్రాసి చూచువారెవరు? అయితే "ము" చివరిదని గుర్తించిన వెంటనే అవి 720కి తగ్గును. "నగరము" కనబడినదా, ఇక మిగిలినవి మూడక్షరములే. వాటికి ఆరు విధములే.

మరికొన్ని గుర్తులున్నవి. అ, ఆ, ఇ వంటి అచ్చు విడిగా ఉంటే అది సాధారణముగా మాటకు మొదట వచ్చును. ణ, ళ అక్షరములతో తెలుగు మాట మొదలుకాదు. డు, లు తరచుగా చివర నిలుచును.

ఇక అసలు సంగతి. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఆరంభమైన తరువాత, పగలంతా కూలి చేసి రాత్రిబడిలో పలక పట్టిన తల్లులు మన పల్లెలలో ఉన్నారు. నేర్చిన అక్షరము వాడకపోతే మరుగునపడును. అట్టివారికి దినమునకు నాలుగు అక్షరముల ఈ ఆట ఎంతో మేలు. కాని ఆ మామ్మ వ్రేలు పెట్టి "డి... గ..." అని కూడబలుకుకొనుచుండగా, బడికి వెళ్ళే మనుమడు "గరివిడి!" అని అరచును. అందరు నవ్వుదురు. "నాకు రాదులే బాబూ, మీరే సూసుకోండి" అని ఆమె లేచిపోవును. నాలుగు దినములు ఇట్లు జరిగితే ఆమె పత్రిక దగ్గరకే రాదు. కొన్నాళ్ళకు బ్యాంకు కాగితముమీద సంతకము మాని మరల వేలిముద్ర వేయును. మనుమడు గెలిచినది ఒక్క మాట. ఇంటివారు పోగొట్టుకొన్నది ఒక మనిషి చదువు.

ఇంగ్లీషు మీడియము పిల్లలకు దీనికి మారుగా జరుగుచున్నది. తెలుగు అక్షరము దగ్గర తడబడిన బిడ్డను "ఇంత ఫీజు కట్టినా ఇది రాదా?" అని తండ్రి గద్దించును. ఆ బిడ్డయు మరునాడు ఆ పేజీ తెరువడు.

కాబట్టి తెలిసినవారు కొంచెము నోరు కట్టుకొనవలెను. "చివర ఏది రావచ్చును మామ్మా?" అని అడుగండి, అంతే. పాత శుభలేఖ అట్టను ముక్కలు చేసి, ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క అక్షరము పెద్దగా వ్రాసి ఆమె ముందుంచండి. చేతితో అటు ఇటు జరిపి చూచినప్పుడు కంటికి దొరకని మాట దొరకును. ఆ పూట దొరకకపోయినను నష్టమేమి? జవాబు ఎలాగును పత్రికలోనే వచ్చును.

ఈ నెల మీ ఇంట పెన్సిలును అందరికంటె నిదానముగా చదువువారి చేతికి ఇచ్చి చూడండి. మిగిలినవారు చుట్టు కూర్చుండి కనిపెట్టుదురు గాక.