ఇంటి పొదుపు : కోటుకూ విశ్రాంతి కావాలి

గోదావరి ఒడ్డున సూటు ఏమిటని నవ్వేవారు ఇప్పటికీ ఉన్నారు. పంచె, భుజాన కండువా - మన ఎండకూ, ఉక్కకూ తగిన వేషం అదేనని మేమూ ఒప్పుకొంటాం. కాని ఉద్యోగం మన ఇష్టం అడిగి వేషం నిర్ణయించదు గదా. యానాం కోర్టుకు పోయే వకీలుకు నల్లకోటు కావాలి. కాకినాడ హోటలులో కొలువు చేసేవానికి, హైదరాబాదు కంపెనీలో చేరిన కుర్రవానికి సూటు కావాలి. మా అగ్రహారంవంటి చిన్న ఊళ్ల నుండి కూడా పిల్లలు అట్లాంటి కొలువులకు పోతున్నారు.

ఆ మధ్య ఒక తల్లి మమ్మల్ని అడిగారు: "మా అబ్బాయి వారం వారం సూటు దుకాణానికి వేస్తున్నాడండీ. కొత్త ఉద్యోగం, చిన్న జీతం. అందులో ఇంత ఉతుకు కూలికే పోతోంది. నేనే ఇంట్లో ఉతికి పెడితే ఏమవుతుంది?"

ఆమెకు చెప్పిన జవాబునే ఈ నెల మా పాఠకులందరికీ మనవి చేస్తున్నాం. కోటును ఇంట్లో ఉతకవద్దు. దుకాణానికి కూడా వారం వారం పంపవద్దు. కోటుకు ముఖ్యంగా కావలసింది గాలి, దులుపు, విశ్రాంతి. ఈ మూడింటికీ కానీ ఖర్చు లేదు.

ముందుగా లెక్క చూద్దాం. కూలి ఊరికొక తీరు, దుకాణానికొక తీరు. లెక్క సులువుగా ఉండటానికి ఒక సూటుకు 300 రూపాయలు అనుకొందాం. వారానికొకసారి వేస్తే సంవత్సరానికి 52 సార్లు, 15,600 రూపాయలు. రెండు నెలలకొకసారి వేస్తే 6 సార్లు, 1,800 రూపాయలు. మిగులు 13,800. మీ ఊరి కూలి ఎంతైనా, ఖర్చు ఇంచుమించు తొమ్మిదో వంతుకు దిగుతుంది. ఆ మిగులుతో రెండో సూటు కుట్టించుకోవచ్చు. రెండోది ఉంటే మొదటిది మరింత కాలం మన్నుతుంది.

డ్రై క్లీనింగ్ అంటే పొడిగా శుభ్రం చేయటమని చాలామంది అనుకొంటారు. అందులో నీళ్లు ఉండవు గాని తడి ఉంటుంది. నీటికి బదులు ఒక ద్రావకంలో బట్టను తిప్పి తీస్తారు. ఈ విద్య ఫ్రాన్సులో పుట్టింది. 19వ శతాబ్దంలో పారిస్ నగరంలో జోలీ అనే అద్దకపు వర్తకుడు, దీపపు చమురు ఒలికిన మేజాగుడ్డ ఆ మేరకు శుభ్రపడటం చూసి దీనిని కనిపెట్టాడని చెబుతారు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరివాళ్లం కాబట్టి ఈ కథ మాకు కాస్త ముచ్చటగానే ఉంటుంది.

ఆ ద్రావకం జిడ్డును బాగా లాగుతుంది. చెమటలోని ఉప్పును అంతగా లాగదు. ఉప్పు కరిగేది నీళ్లలో గదా. మన ప్రాంతంలో కోటుకు పెద్ద శత్రువు చెమటే. కనుక చెమట కోటు దాకా పోకుండా చూసుకొంటే సగం రక్షణ అయినట్టే. లోపల నూలు బనీను, దానిపైన నూలు చొక్కా వేసుకొంటే చెమటను అవి పీల్చుకొంటాయి. వాటిని రోజూ ఇంట్లో ఉతుక్కోవటం ఎంత పని!

ఇంట్లో కోటు ఎందుకు ఉతకరాదంటే, ఉన్ని పోగు మీద చేప పొలుసులవంటి పొరలుంటాయి. వేడినీళ్లలో నలిగితే అవి ఒకదానికొకటి చిక్కుకొని బట్ట దగ్గరపడిపోతుంది. చాకలిసోడా ఉన్నిని తినేస్తుంది. పైగా కోటు రొమ్ము భాగంలో లోపల ఒక గట్టిగుడ్డ ఉంటుంది. చాలా కోట్లలో దానిని జిగురుతో అంటిస్తారు. అది విడిందా, పైగుడ్డ బుడగలెత్తుతుంది. ఏ దర్జీ దానిని సరిచేయలేడు. కోటు లోపలి చీటీ చూడండి. వృత్తం బొమ్మ మాత్రమే ఉంటే దుకాణానికే పంపాలి. తొట్టిలో చెయ్యి పెట్టిన బొమ్మ ఉంటే చేత్తో ఉతకవచ్చు. అట్లాంటి విడి పంట్లాములను చల్లని నీళ్లలో కుంకుడు రసంతో మెల్లగా జాడించి నీడన ఆరవేయండి. పట్టుబట్టలకు మన ఇళ్లలో చేసేది అదే.

ఇక రోజువారీ పని. ఇంటికి రాగానే కోటు జేబులు ఖాళీ చేయాలి. తాళాలు, ఫోను జేబులోనే ఉంటే కోటు ఒక పక్కకు సాగుతుంది. మేకుకు తగిలించవద్దు, భుజాలు వెడల్పుగా ఉన్న హాంగరుకు వేసి, వసారాలో నీడపట్టున గాలి ఆడేచోట గంటసేపు ఉంచండి. ఆ తరువాత మెత్తని బ్రష్షుతో పైనుండి కిందికి దులపండి. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకొని కూడా తడిసినట్టు కనిపించదు. ఆ తేమ పోవటానికి, నలిగిన పోగు తిరిగి నిలబడటానికి ఒక పూర్తి రోజు కావాలి. అందుకే ఒకే కోటును వరుసగా రెండురోజులు వేయవద్దంటాం.

మరక పడితే వెంటనే కంగారుపడి రుద్దవద్దు. నూనె చుక్క అయితే ముఖానికి వేసుకొనే పౌడరు చల్లి, గంట ఆగి దులపండి. కాఫీ అయితే చల్లని నీళ్లలో తడిపిన తెల్లగుడ్డతో అద్దండి. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే మన ఆడవారికి ఈ సంగతి కొత్త కాదు. ఎండ పసుపును పోగొట్టేమాట నిజమే గాని, నల్లకోటు రంగునూ పోగొడుతుంది. అట్లాంటి కోటును, అది ఏ మరకో విడమరచి చెప్పి, దుకాణానికే ఇవ్వండి. కోటూ పంట్లామూ ఒకే గుడ్డవైతే రెంటినీ కలిపి పంపాలి. లేకపోతే కొన్నాళ్లకు రంగులో తేడా కనబడుతుంది.

దుకాణాల్లో వాడే ద్రావకాలలో పెర్‌క్లోరోఎథిలీన్ ఒకటి. అది మనుషులకు బహుశా క్యాన్సరు కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ తేల్చింది. డ్రై క్లీనింగులో దాని వాడకాన్ని పదేళ్లలో క్రమంగా మాన్పించేందుకు అమెరికా ప్రభుత్వం 2024 డిసెంబరులో ఒక నియమం చేసింది. కనుక దుకాణం నుండి వచ్చిన కోటును ప్లాస్టిక్ సంచితోనే బీరువాలో పెట్టవద్దు. సంచి తీసేసి, ఒక పూట ఆరుబయట నీడలో వేలాడదీసి, ఆ తరువాతనే లోపల పెట్టండి.

ఇస్త్రీ సంగతి. నల్లకోటు మోచేతుల దగ్గర, పంట్లాము తొడల మీద కనబడే మెరుపు ఇస్త్రీపెట్టె వల్ల కూడా వస్తుంది. ఉన్నికి, పాలియెస్టరుకు పెట్టె నేరుగా తాకరాదు. మధ్యలో తడిపి పిండిన నూలుగుడ్డ వేయాలి. చిన్న ముడతలకు ఇస్త్రీయే అక్కరలేదు. వేడినీళ్ల ఆవిరి ఉన్న స్నానాలగదిలో కాసేపు వేలాడదీసి, గాలికి ఆరనిస్తే చాలు. పంట్లామును మడత చెడకుండా పరుపు కింద పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పొదుపు అనగానే ఇస్త్రీబండి అతనితో రూపాయి రూపాయికీ బేరమాడటం కొందరికి అలవాటు. రోజంతా నిప్పుల పక్కన నిలబడేవాడి కూలి కోసి దాచుకొన్న డబ్బును మేము పొదుపు అనలేము. పది బట్టలకు బదులు నాలుగే ఇవ్వండి; ఆ నాలుగింటికి నిండు కూలి ఇవ్వండి. తడిగుడ్డ వేసి ఓపికగా చేసేవాడికి రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినా మీకే లాభం. కోటు ఆయుష్షు అతని చేతిలో ఉన్నది.

వకీళ్లకు మరొక వెసులుబాటు ఉంది. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టులలో వేసవి కాలాన నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఆ నెలల్లో కోటును దాచేముందే శుభ్రం చేయించండి. బట్ట కొరికేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పురుగు. చెమట, తిండి మరకలున్న ఉన్ని దానికి మరింత ఇష్టం. వేపాకు వేస్తే మంచిదే గాని, మురికి కోటును వేపాకు కాపాడలేదు. కలరా ఉండలు వేసిన బట్టల దగ్గరికి పసిపిల్లలను పోనీయవద్దు. కొందరు శిశువులకు దానివల్ల రక్తం విరిగే ప్రమాదం ఉంది. మన గోదావరి ఊళ్లలో వానలు పట్టాక బీరువాలో బూజు తప్పదు. తెరపి ఇచ్చిన రోజున తలుపులు బార్లా తెరిచి, కోటు బయటకు తీసి గాలి పట్టించండి.

చివరగా, కుట్టించేటప్పుడే రెండు మాటలు. కోటు ఒకటైనా పంట్లాములు రెండు కుట్టించుకోండి. ముందుగా అరిగేది పంట్లామే. లోపలి కుట్టుల్లో కాస్త గుడ్డ వదలమని దర్జీకి చెప్పండి. ఒళ్లు చేసినా విప్పి వేసుకోవచ్చు. అన్నకు బిగుతయిన రోజున తమ్ముడి మొదటి ఇంటర్వ్యూకు అదే కోటు సిద్ధంగా ఉంటుంది.