మా చెప్పులు విప్పించండి!

పాతబస్తీ అక్కలారా, అన్నలారా,

లాల్‌దర్వాజా అమ్మవారి గుడి ముందు చెప్పులు విడుస్తాం. మక్కా మసీదు వాకిట్లో విడుస్తాం. మన ఇంటి గడప దగ్గరా విడుస్తాం. విడవనిది డాక్టరు గదిలోనే. షుగర్ చూపించుకోవడానికి పోతే వేలు గుచ్చి నెత్తురు చుక్క తీస్తారు, బీపీ చూస్తారు, మాత్రలు రాస్తారు. మీ అరికాలిని డాక్టరు చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే ఈ కాగితం మీకోసమే.

మీర్ ఆలం మండీ తడిలో మూటలు దింపే హమాలీకి కాలివేళ్ల సందులు ఒరుస్తాయి. పత్తర్‌గట్టి దుకాణంలో పొద్దంతా నిలబడే గుమాస్తా తెల్లారి మంచం దిగితే, మొదటి అడుగుకే మడమలో మేకు దిగినట్టుంటుంది. బిగుతు చెప్పులతో ఆనెకాయలు వస్తాయి. గోళ్లను మూలల్లోకి కత్తిరిస్తే గోరు కండలోకి దిగి చీము పడుతుంది. వీటన్నిటికీ మన ఇంటి వైద్యం ఒకటే: బ్లేడు, వేడినీళ్లు, మందుల దుకాణంలో కొన్న ఆనెల పట్టీ.

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు ఈ వైద్యమే ప్రమాదం. నరాలు మొద్దుబారిన కాలికి నీళ్లు ఎంత వేడో తెలియదు. పట్టీలోని ఆసిడ్ మంచి చర్మాన్ని తినేస్తున్నా తెలియదు. ఆనె కింద పుండు పడినా నొప్పి లేదు కనుక మనిషి నడుస్తూనే ఉంటాడు. రక్తం సరిగా అందని కాలైతే పుండు మానదు. షుగర్ వల్ల కాలు పోగొట్టుకున్న ప్రతి వందమందిలో సుమారు 85 మందికి ఆ కథ పుండుతోనే మొదలవుతుంది. దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. మన గల్లీలో ఎన్ని ఇళ్లలో ఉందో మీకే తెలుసు.

పాదాల వైద్యులను పోడియాట్రిస్టులంటారు. వాళ్లు ఆనెను శుభ్రమైన కత్తితో పలచగా చెక్కి, ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూసి చెప్పు మారుస్తారు. మడమ నొప్పికి పిక్కలు సాగదీసే కసరత్తు నేర్పి, చెప్పులో మెత్తటి అట్ట వేయిస్తారు. కండలోకి దిగిన గోరంచును మత్తు సూది ఇచ్చి తీసేస్తారు. పుండైతే చచ్చిన చర్మం తొలగించి, దాని మీద బరువు పడకుండా కట్టు కడతారు. ఈ చివరి కిటుకు వెనుక మన దక్షిణాది అనుభవం కూడా ఉంది. వెల్లూరులో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, మొద్దుబారిన కాలును కుళ్లబెడుతున్నది రోగం ఒక్కటే కాదని, ఒకే చోట పదేపదే పడే ఒత్తిడి కూడా అని గుర్తించారు. కాలికి పిండికట్టు వేసి ఆ ఒత్తిడి తప్పిస్తే పుండ్లు మానాయి. షుగర్ కాళ్లకూ నేడు అదే సూత్రం.

పోడియాట్రిస్టులు మనకెక్కడున్నారని అడుగుతారు. నిజమే, దేశంలో చాలా తక్కువ. అయితే 2021 నాటి ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టంలో ఆ వృత్తి పేరు ఉంది. వాళ్లు తయారయ్యేదాకా మన కాళ్లు ఆగవు. ఈలోగా కాలికి స్పర్శ ఉందో లేదో చూడటానికి కావలసింది 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు. దానికి కరెంటు అక్కర్లేదు, నర్సమ్మకు నేర్పితే చాలు. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానలు ఉన్నాయి. ఆ పోగును అక్కడి బల్ల మీద పెట్టమంటున్నాం.

మా కోరికలు:

1. ప్రతి బస్తీ దవాఖానలో షుగర్ ఉన్నవారి పాదాలను ఏడాదికి ఒక్కసారైనా తప్పనిసరిగా పరీక్షించాలి. స్పర్శ తగ్గినవారిని ఇంకా తరచుగా, పుండు పడి మానినవారిని 1 నుంచి 3 నెలలకోసారి చూడాలి.

2. గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగిన కొత్త ఉస్మానియా ఆస్పత్రిలో పాదాల విభాగానికి ప్రత్యేకంగా చోటివ్వాలి.

3. స్పర్శ పోయినవారికి మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు ఉచితంగా ఇవ్వాలి. వాటిని కుట్టడం మన బస్తీ చెప్పుల కార్మికులకే నేర్పాలి. వాళ్లకూ పని దొరుకుతుంది.

4. బోనాలకు, మొహర్రానికి ముందు పాదాల శిబిరాలు పెట్టాలి. బోనమెత్తే అక్క, బీబీ కా ఆలం వెంట నడిచే అన్న ఉత్త కాళ్లతోనే రోడ్డెక్కుతారు. మొద్దుబారిన కాళ్లతో అలా నడవొద్దని పూజారులు, మౌల్వీలు ఒక్క మాట చెబితే జనం వింటారు.

మన వంతు పని కూడా ఉంది. రోజూ రాత్రి దీపం కింద అరికాళ్లు చూసుకోండి. కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా పిల్లల్ని చూడమనండి. వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. చెప్పు తొడిగేముందు లోపల రాయి ఉందేమో చేత్తో తడమండి. పుండు, వాపు, ఎరుపు కనిపిస్తే మరుసటి రోజే దవాఖానకు పోండి.

ఈసారి షుగర్ చూపించుకోవడానికి పోయినప్పుడు కుర్చీలో కూర్చోగానే చెప్పులు విప్పి, "డాక్టర్ సాబ్, కాళ్లు చూడండి" అనండి. ఒక్కరు అడిగితే విసుక్కోవచ్చు. బస్తీ అంతా అడిగితే, కొన్నాళ్లకు వాళ్లే ముందుగా విప్పమంటారు.

చదివాక పక్కింటికి ఇవ్వండి.

ఇట్లు,
పాతబస్తీ వాసులు