ఇమడని పిస్టన్‌కు మూల్యం ఎవరు చెల్లించాలి?

పాత స్కూటరు ఇంజను విప్పించి కొత్త భాగాలు వేయించుకున్న రైతు, నెల తిరక్కుండానే బండిని తోసుకుంటూ మళ్లీ అదే మెకానిక్కు దగ్గరకు రావడం మండల కేంద్రాల్లో అందరూ చూస్తున్నదే. పిస్టన్ పట్టేసిందంటాడు మెకానిక్కు. నువ్వే సరిగా బిగించలేదంటాడు రైతు. నేను చేసిన బోరింగులో లోపం లేదంటాడు లేతు షాపువాడు. సామాను అమ్మిన దుకాణదారు మాత్రం ఈ తగాదాలో ఎక్కడా కనిపించడు. అసలు లోపం ఆయన అమ్మిన డబ్బాలోనే ఉన్నా ఆయన్ను అడిగేవాడు లేడు. కొలతకు రాని భాగాన్ని అమ్మినవాడు నిశ్చింతగా ఉండగా, కొన్నవాడూ బిగించినవాడూ కొట్లాడుకునే పరిస్థితి మారాలి.

చేతక్ స్కూటరు 1972లో వచ్చింది. పేరు నమోదు చేయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసి కొనుక్కున్న బండి అది. 2009 చివరలో కంపెనీ స్కూటర్ల తయారీ నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. 2020లో అదే పేరుతో వచ్చింది బ్యాటరీ బండి. దాని సామానుకూ పాత ఇంజనుకూ సంబంధం లేదు. అయినా పల్లెల్లో పాత బండ్లు పూర్తిగా మూలపడలేదు. పాల క్యాన్లు, గడ్డిమోపులు, కూరగాయల బస్తాలు మోస్తూనే ఉన్నాయి. తయారీ ఆగిపోయిన బండికి కంపెనీ సామాను దొరకడం కష్టమైన కొద్దీ, పేరూ ఊరూ లేని డబ్బాలకు గిరాకీ పెరుగుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

ఇంజనులో కొలతకు ఉన్న విలువ ఏమిటో ముందు తెలుసుకోవాలి. 145 సీసీ చేతక్ ఇంజనులో సిలిండరు బోరు 57 మిల్లీమీటర్లు. పిస్టన్ అల్యూమినియంది, సిలిండరు పోత ఇనుముది. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఇనుముకంటే సుమారు రెట్టింపు సాగుతుంది. ప్రతి 100 డిగ్రీల వేడికి పిస్టన్ సుమారు 0.13 మిల్లీమీటరు పెరిగితే, బోరు 0.06 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. పైగా పిస్టన్‌కు తగిలే వేడి సిలిండరుకు తగిలేదానికంటే ఎక్కువ. అందుకే రెండింటి మధ్య సందు వదులుతారు. ఆ సందు చాలకపోతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే టకటక కొట్టుకుంటూ బలం తగ్గిపోతుంది. డబ్బామీద 20 సైజు అని ముద్రించి, లోపలి పిస్టన్ కాస్త అటో ఇటో ఉంటే కంటికి తెలియదు. ఇంజను మాత్రం పసిగడుతుంది.

పిస్టన్ ఒక్కటే కాదు. టూ స్ట్రోక్ ఇంజనులో రింగు తిరగకుండా పిస్టన్ గాడిలో చిన్న మేకు ఉంటుంది. రింగు కొసలు ఆ మేకు దగ్గర సరిగ్గా ఒదగాలి. ఒదగకపోతే రింగు పైకి లేచి, సిలిండరులోని పోర్టు అంచుకు తగిలి విరుగుతుంది. క్రాంకు ఆయిల్ సీలు వదులైతే మరో ప్రమాదం. మాగ్నెటు వైపునుంచి బయటి గాలి లోపలికి చేరి, పెట్రోలు పాలు తగ్గి ఇంజను అతిగా వేడెక్కుతుంది. క్లచ్చి వైపు సీలు వదులైతే గేరు ఆయిలు లోపలికి చేరి తెల్లటి పొగ కక్కుతుంది. చవకలో వచ్చిన చిన్న రబ్బరు సీలు, వేలు పోసి చేయించిన పనినంతా బూడిదపాలు చేస్తుంది.

ఇది డబ్బుతో పోయే విషయం కూడా కాదు. బండి వేగంలో ఉండగా పిస్టన్ పట్టేస్తే వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. వెంటనే క్లచ్చి పట్టుకోగలిగితే సరి. లేకపోతే బండి జారి పడిపోతుంది. వెనుక భార్యనో, బిడ్డనో కూర్చోబెట్టుకుని, ముందు బస్తా పెట్టుకుని పోయే మనిషికి అలాంటి క్షణంలో ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. మిల్లీమీటరులో పదోవంతు తేడా మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది.

అమరని భాగం చేతికొచ్చినప్పుడు మన షాపుల్లో జరిగేది 'సర్దుబాటు'. పిస్టన్ బిగుతుగా ఉంటే ఎమరీ కాగితంతో రుద్దుతారు. పిన్ను దూరకపోతే సుత్తితో దిగగొడతారు. ఆ దెబ్బలకు కనెక్టింగు రాడ్డు వంగే ప్రమాదం ఉంది. బేరింగు వదులుగా కూర్చుంటే ఇంజను కేసు గూటిలో పంచ్‌తో గాట్లు పెట్టి బిగుతు తెప్పిస్తారు. ఆ గాట్లు కొద్దిరోజులకే అణిగిపోయి గూడు మరింత పెద్దదవుతుంది. అప్పుడు భాగంతోపాటు కేసు కూడా పోతుంది. గూడు అరిగితే మంచి లేతు షాపులో బుష్షు వేయించి సరైన కొలతకు తీయించాలి తప్ప గాట్లతో నెట్టుకురాకూడదు.

తప్పంతా మెకానిక్కులదే అనడం న్యాయం కాదు. తక్కువలో కానిచ్చెయ్యి, సాయంత్రానికల్లా బండి కావాలి అని తొందరపెట్టేది మనమే. కంపెనీది కాని ప్రతి భాగమూ చెడ్డదనడమూ సరికాదు. సొంత పేరుతో, చిరునామాతో మంచి సామాను చేసేవారు ఉన్నారు. వేరే కంపెనీ పేరును దొంగిలించి డబ్బా మీద అచ్చువేసేవారు వేరు. ఈ ఇద్దరి మధ్య తేడాను డబ్బా రంగు చెప్పదు, కొలత చెబుతుంది.

అందుకని పనిలో ఒక వరుస పాటించాలి. ముందు పిస్టన్ కొనాలి, తర్వాతే సిలిండరును బోరింగుకు ఇవ్వాలి. డబ్బాపై ఉన్న అంకెను చూసి కాకుండా, ఆ పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి దానికి తగినట్లు బోరు తీయాలి. రింగును ఒంటరిగా సిలిండరులో పెట్టి కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూడాలి. పిన్ను, బేరింగు, సీలు వేటికవి పాత భాగం పక్కన పెట్టి కొలిచి పోల్చాలి. పాత కంపెనీ భాగం అరుగుదల హద్దులో ఉంటే, అనుమానపు కొత్తదానికంటే అదే మేలు. కొలతలన్నీ కుదిరాకే ఇంజను మూయాలి. ఇందుకు పట్టేది గంటో, రెండు గంటలో. ఆదా అయ్యేది రెండో రిపేరు ఖర్చంతా.

అన్నిటికంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. అమరని భాగానికి ఆకురాయి తగిలించకండి. రుద్దిన భాగాన్ని, సుత్తి దెబ్బ తిన్న భాగాన్ని దుకాణదారు వెనక్కి తీసుకోడు. నువ్వే పాడుచేశావంటాడు, ఆ మాటకు మన దగ్గర జవాబు ఉండదు. కొలిచినప్పుడు తేడా కనిపిస్తే అక్కడే ఆగి, భాగాన్ని ఉన్నది ఉన్నట్లు డబ్బాలో పెట్టి, బిల్లుతో సహా తిరిగి ఇవ్వాలి. భాగాన్ని రుద్దితే లోహంతోపాటు మన హక్కు కూడా అరిగిపోతుంది.

ఆ హక్కు చట్టంలోనే ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు ఏదీ చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అలాంటిదే. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని గోడమీద రాసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో ఆ రాత చెల్లదు. బతుకుదెరువు కోసం సొంతంగా బండి వాడుకునే పాలవాడూ, కూరగాయలవాడూ ఈ చట్టం దృష్టిలో వినియోగదారులే. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. అక్కడ తేలకపోతే మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. చేతిలో బిల్లూ, చెక్కుచెదరని భాగమూ ఉంటే చాలు.

ఇక అధికారుల సంగతి. అచ్చువేసిన డబ్బాలో అమ్మే సరుకుపై తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉండి తీరాలి. అవి లేని డబ్బాలు పట్టణాల్లో బాహాటంగా అమ్ముడవుతుంటే తూనికలు కొలతల శాఖ అప్పుడప్పుడైనా ఆటోమొబైల్ దుకాణాల గడప తొక్కాలి. దొంగ ట్రేడ్‌మార్కు సరుకు అమ్మేవారికి 1999 చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు విధిస్తోంది. అది పుస్తకానికే పరిమితం కాకూడదు. ప్రభుత్వ ఐటీఐలు కూడా ముందుకు రావాలి. వారంలో ఒకరోజు గ్రామీణ మెకానిక్కులకు కొలత పరికరాలు అందుబాటులో ఉంచి, వాడడం నేర్పితే పెద్ద ఖర్చేమీ కాదు. అక్కడి విద్యార్థులకూ చేతిపని వస్తుంది. నలుగురైదుగురు మెకానిక్కులు కలిసి ఒక మైక్రోమీటరు కొనుక్కున్నా ఊరికి మేలే.

పాత బండిని నిలబెట్టుకోవాలనుకునే పేదవాడి ఆశ తప్పు కాదు. ఆ ఆశను చూసి నాసిరకం సామాను అంటగట్టడమే తప్పు. కొనేవాడు బిల్లు అడగాలి. బిగించేవాడు కొలవాలి. కొలతకు రాని భాగం వచ్చిన దారినే దుకాణానికి తిరిగిపోవాలి. నష్టం అమ్మినవాడి తలుపు తట్టినరోజునే మంచి సామాను మన ఊళ్లకు వస్తుంది.